నీలి దీపం కింద కట్టుడు పళ్ళు

కిందటి వారం చిన్న డాక్టరును చీకటి గది గుమ్మంలో, చేతిలో గాజు పళ్ళెంతో, తెరిచిన నోరు తెరిచినట్టే ఉండగా వదిలేసి వచ్చాం. పాపం, ఆవిడ ఇంకా ఆ నోరు మూయనేలేదు. ఈ వారమే కథలోకి అడుగుపెట్టినవాళ్ళ కోసం జరిగింది నాలుగు ముక్కల్లో చెప్పి ముందుకు పోదాం.

చిన్న డాక్టరు జ్వరానికి మందు రాసే డాక్టరు కాదు. ఈ సంగతి ఎన్నిసార్లు చెప్పినా వీధిలోవాళ్ళు దగ్గొచ్చినప్పుడల్లా ఆవిడ దగ్గరికే వస్తారు. ఆవిడ పని పరిశోధనశాలలో ఈస్ట్‌తో. రొట్టె పిండిని పొంగించే ఈస్టే. ప్రాణమున్న ప్రతిదానిలోనూ జన్యువులు ఉంటాయి కదా, అవి ఎప్పుడు పనిలోకి దిగాలో, ఎప్పుడు పడుకోవాలో వెలుగుతో చెప్పించాలని ఆవిడ పట్టుదల. ఈస్ట్‌లో ఒక రంగు జన్యువును పెట్టి, దానికి కాపలాగా వెలుగును పసిగట్టే మరో జన్యువును పెట్టింది. నీలి వెలుగు పడితే రంగు జన్యువు మేలుకుని ఈస్ట్ నారింజ రంగుకు తిరగాలి. చీకట్లో ఉంటే తెల్లగా పడి ఉండాలి. ఇవాళ రంగైతే, రేపు ఇదే పద్ధతిలో ఈస్ట్ చేత మందులు తయారు చేయించవచ్చు. స్విచ్చి వేస్తే మందు, తీస్తే బందు.

అనుకోవడం బాగానే ఉంది. రెండేళ్ళుగా ఆ ఈస్ట్ చీకట్లో రంగు తేలేది, వెలుగులో తెల్లమొహం వేసేది. ఆవిడ అత్తగారి మాటల్లో చెప్పాలంటే, "రమ్మంటే పోతుంది, పొమ్మంటే వస్తుంది. దానికంటే నా కొడుకే నయం."

శనివారం పొద్దున చీకటి గదిలోంచి తీసిన పళ్ళెం మాత్రం ఇంతకు ముందెన్నడూ లేనట్టుంది. పళ్ళెమంతా పండిన నారింజ. నట్టనడుమ తెల్లటి నెలవంక. ఆ నెలవంకకు ఆరు పళ్ళు, రెండు చివర్లా రెండు తీగ కొక్కేలు. ఎవరో ఆ గదిలో చేరి, నోట్లో కట్టుడు పళ్ళు తీసి పళ్ళెం మూత మీద పెట్టి, వెలుగు వేశారు. వెలుగు పడ్డచోట రంగు తేలింది. పళ్ళ నీడ పడ్డచోట తేలలేదు.

పరిశోధనశాల పెద్దాయన మండిపడ్డాడు. గది తలుపు మీద 'లోపల మిణుగురు కూడా మెరవరాదు' అని స్వయంగా రాసి అంటించిన మనిషి ఆయన. గది తాళంచెవి ఉండేది తాళాలాయన దగ్గర. నడుముకు టార్చిలైటు వేలాడేదీ ఆయనకే. పెద్దాయనకు ఇంకేం కావాలి?

"సోమవారం పది గంటలకల్లా ఆ పళ్ళెవరివో తేలాలి. తేలలేదా, తాళాలు నా బల్ల మీద పెట్టి నువ్వింటికి పో. గురువారం పరిశీలకులొస్తున్నారు. ఈ పని ఉంచాలా మూసెయ్యాలా అని తేల్చడానికి వస్తున్నారయ్యా! వాళ్ళకేం చూపించను? ఎవడిదో పళ్ళ వరసా?"

తాళాలాయన ఇరవై రెండేళ్ళుగా అక్కడ తలుపులు తీస్తూ మూస్తూ ఉన్నాడు. ఆ మాటకు జవాబుగా నోరు బార్లా తెరిచాడు. "చూడండి సార్. నాలుగు లేవు గానీ, ఉన్నవన్నీ నావే." అంతకు మించి ఒక్క ముక్క మాట్లాడలేదు.

అదీ సంగతి. ఇక ఆదివారం మధ్యాహ్నానికి వద్దాం.

చిన్న డాక్టరు మొగుణ్ణి వీధిలో అందరూ పళ్ళ మేస్త్రీ అంటారు. కట్టుడు పళ్ళు చెయ్యడం ఆయన వృత్తి. ఇంటి ముందుగదే షాపు. అక్కడ అడుగుపెడితే అరల నిండా సున్నపు అచ్చులు, జనం దవడలన్నీ ఒక్కసారిగా ఆవులించినట్టు మనకేసి చూస్తుంటాయి. కరిగిన మైనం వాసన, సానరాయి రొద. వీధిలోకి పెద్ద బోర్డు. ఆ బోర్డు మీద అత్తగారి ఫొటో, ముప్ఫై రెండు పళ్ళూ కనబడేలా నవ్వుతూ. కింద ఎర్రటి అక్షరాల్లో: 'మా అమ్మకు అరవై ఆరేళ్ళు. పళ్ళన్నీ సొంతవే. పంటి విలువ తెలిసిన ఇల్లు!' కట్టుడు పళ్ళు అమ్మేవాడు సొంత పళ్ళ బోర్డు పెట్టడమేమిటని ఎవరైనా అడిగితే, "నమ్మకం కలగాలి కదండీ" అంటాడు. నమ్మకమో మరేదో, వచ్చినవాళ్ళు ముందు ఆ బోర్డు చూసి నిట్టూర్చి, ఆ తర్వాతే లోపలికి వస్తారు.

భోజనాల బల్ల దగ్గర చిన్న డాక్టరు ఫోన్లో పళ్ళెం ఫొటో తీసి మొగుడి ముందు పెట్టింది.

"ఏవండీ, ఇది చూసి ఎవరి పనో చెప్పగలరా?"

పళ్ళ మేస్త్రీ చెంచా దించి, జేబులోంచి భూతద్దం తీసి కంటికి ఆన్చుకున్నాడు. ఒక నిమిషం చూశాడు. ఇంకో నిమిషం చూశాడు.

"ఈ పని చేసినవాడి చేతులు కట్టేసి గోదాములో పడెయ్యాలి" అన్నాడు చివరికి.

"అంటే ఎవరో తెలిసిందా?"

"తెలియకపోవడమేంటి? ఆ కొక్కేల చివర చూడు. తీగ లోపలికి మడిచి ఊరుకోవాలా, పైన ఇంకో మెలిక వేశాడు. కొక్కేనికి మీసం పెట్టేవాడు ఈ చుట్టుపక్కల ఒక్కడే. ఎదురు షాపాయన. ఆయన మూతి మీద ఎలా ఉంటుందో, చేతి పనిలోనూ అలాగే వస్తుంది."

బల్ల అవతల అత్తగారి చెంచా కంచానికి తగిలి ఖంగుమంది. ఆవిడ రొట్టెముక్కను సూపులో ముంచి, అది మెత్తబడి ముద్దయ్యేదాకా ఓపిగ్గా ఎదురుచూస్తోంది.

"సూపు చల్లారిపోతోంది, ముందు తిను. ఆదివారం పూట కూడా ఊళ్ళోవాళ్ళ పళ్ళేనా?" అంది.

"ఉండమ్మా. ఇది చూడు, ఎడమవైపు రెండో పన్ను. పక్కింటివాళ్ళ గొడవ వింటున్నట్టు ఎలా ఒరిగిందో."

"ఏం ఒరగలేదే. నిటారుగానే ఉంది" అనేసి అత్తగారు నాలిక కరుచుకుంది.

గుమ్మడికాయల దొంగ అనగానే భుజాలు తడుముకున్న మనిషిని మీరెప్పుడైనా దగ్గర్నుంచి చూశారా? చిన్న డాక్టరు ఆ క్షణాన చూసింది. ఫోను మొగుడివైపు తిరిగి ఉంది. అత్తగారి కళ్ళజోడు కిటికీ గూట్లో ఉంది. కళ్ళజోడు లేకుండా ఆవిడకు గోడగడియారమే కనపడదు, రెండో పన్ను ఎలా కనపడింది?

పళ్ళ మేస్త్రీ మాత్రం తలెత్తలేదు. "నీకు తెలీదులే అమ్మా. నీకు అన్నీ సొంతవే. ఈ సెట్టు పెట్టుకున్న మనిషికి మధ్యాహ్నానికల్లా చిగురు ఒరుసుకుపోతుంది. తీసి పక్కన పెడితే గానీ ప్రాణం కుదుటపడదు. ఎవరో గానీ, పాపం" అంటూ ఆపిల్‌ను కాగితమంత పల్చగా తరిగి, ఆ ముక్కలు తల్లి కంచంలో వేశాడు. ఇంతలో ముందుగదిలో గంట మోగింది. చెయ్యి తుడుచుకుంటూ అటు వెళ్ళాడు.

వంటింట్లో అత్తా కోడలూ మిగిలారు. కుళాయి చుక్క చుక్కా కారుతోంది.

"అత్తయ్యా" అంది చిన్న డాక్టరు, "ఆ ఆపిల్ ముక్క తినండి."

"కడుపు నిండిపోయిందమ్మాయ్."

"ఒక్క ముక్క. నా కోసం."

"నీ కోసం వంట చేశాను, గిన్నెలు తోమాను. ఆపిల్ కూడా తినాలా?"

"అత్తయ్యా."

అత్తగారు కోడలి మొహంలోకి చూసింది. ముందుగది వైపు చూసింది. సానరాయి రొద మొదలైంది, ఇక పిడుగు పడ్డా కొడుక్కి వినపడదు. అప్పుడు భుజం మీది తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని, రెండు వేళ్ళతో ఏదో లాగి, ఉప్పుడబ్బా పక్కన పెట్టింది. గులాబీరంగు రేకు, ఆరు పళ్ళు, మీసాలున్న రెండు కొక్కేలు.

"ఇఫే" అంది.

పై పెదవి లోపలికి పోయింది. ఒక్క క్షణంలో పదేళ్ళు మీద పడ్డ మనిషిలాగానూ, పాలు తాగే పసిపాపలాగానూ కనిపించింది. చిన్న డాక్టరుకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, రెండూ కలిసి ఎక్కిళ్ళయ్యాయి.

"నవ్వు, నవ్వు. నీకూ వస్తాయి ఈ రోజులు." అత్తగారు పళ్ళు మళ్ళీ పెట్టుకుని, దవడ అటూ ఇటూ ఆడించి సర్దుకుంది. "మొదటిది రొట్టె పెచ్చుతో పోయింది. రెండోది ఎప్పుడు పోయిందో నాకే తెలీదు, లేచేసరికి తలగడ మీదుంది. మూడోది పోయిననాడు వాడికి చెప్పేద్దామనే ముందుగదిలోకి వెళ్ళాను. వాడు నిచ్చెనెక్కి ఆ బోర్డు తగిలిస్తున్నాడు. 'అమ్మా, చూడు, ఎలా ఉన్నావో!' అన్నాడు. నువ్వే చెప్పు. ఆ బోర్డు కింద నిలబడి, పళ్ళు పోయాయిరా అని ఏ నోటితో చెప్పను?"

"అందుకని ఎదురు షాపుకెళ్ళారా?"

"మరి వాడి దగ్గరికే వెళ్ళి కొలతలివ్వమంటావా? ఎదురు షాపాయన ప్రమాణం చేశాడు, చచ్చినా బయటపెట్టనని. మీసమున్న మనిషి, మాట మీద నిలబడ్డాడు. కొక్కేనిక్కూడా మీసం పెడతాడని నాకేం తెలుసు?"

"మరి చీకటి గదిలోకి ఎందుకెళ్ళారత్తయ్యా?"

అత్తగారు నిట్టూర్చింది. ప్రతి బుధవారం కోడలికి భోజనం క్యారియరు పట్టుకుని ఆవిడ పరిశోధనశాలకు వెళుతుంది. బుధవారం చిన్న డాక్టరుకు పక్క భవనంలో క్లాసు. క్యారియరు అందుకుని, రెండు ముద్దలు తిని పరుగెడుతుంది. అత్తగారి బస్సు మూడింటికి. అందాకా వరండాలో వీపు ఆన్చుకోవడానికి లేని బెంచీ మీద, ఎండలో, చిగుళ్ళు సలుపుతుంటే కూర్చునేది.

"ఒకనాడు తాళాలాయన చూసి, 'అక్కగారూ, ఆ లోపలి గదిలో చల్లగా ఉంటుంది, చీమ చిటుక్కుమనదు, ఓ కునుకు తియ్యండి' అన్నాడు. మడత కుర్చీ కూడా వేశాడు. ఏం చెప్పను, అమ్మాయ్! చల్లదనం, చీకటి. పళ్ళు తీసి పక్కన పెట్టుకున్నా చూసేవాడు లేడు. రెండేళ్ళలో నేను హాయిగా నోరు వదిలేసి కూర్చున్నది ఆ గంటన్నరే. ఎప్పుడూ గ్లాసులో వేసేదాన్ని. మొన్న గ్లాసు మరిచిపోయాను. చేత్తో తడిమితే గుండ్రంగా, నున్నగా ఏదో తగిలింది. సాసరనుకున్నా."

"అది సాసరు కాదత్తయ్యా. నా రెండేళ్ళ కష్టం."

చిన్న డాక్టరుకు ఉన్నట్టుండి ఒక సంగతి తట్టింది. తాళాలాయనకు అంతా తెలుసు. శనివారం పెద్దాయన అంతలేసి మాటలంటుంటే, నోరు తెరిచి సొంత పళ్ళు చూపించాడే గానీ అత్తగారి పేరు రానివ్వలేదు.

ఆ మాటే చెప్పింది. అత్తగారు ఆపిల్ ముక్కను కంచం చుట్టూ మూడుసార్లు తిప్పింది.

"రేపు నేనే వచ్చి చెప్తా."

"ఆయనకు తెలిసిపోతుంది, అత్తయ్యా. మీ అబ్బాయికి."

"తెలిస్తే బోర్డు పోతుంది. చెప్పకపోతే ఆ మనిషి ఉద్యోగం పోతుంది." అత్తగారు లేచి కంచాలు తీసింది. "బోర్డుకి పెళ్ళాం పిల్లలు లేరు కదా."

సోమవారం తొమ్మిదీ యాభైకి ఇద్దరూ పెద్దాయన గది ముందున్నారు. అత్తగారు పెళ్ళిళ్ళకు వెళ్ళేటప్పుడు వేసుకునే చెప్పులు వేసుకుంది. బస్సులో దారి పొడుగునా పెదవి కదిలిస్తూ ఏం చెప్పాలో వల్లె వేసుకుంది. తీరా లోపలికి అడుగుపెట్టేసరికి తాళాలాయన అప్పటికే వచ్చి, తాళాల గుత్తి బల్ల మీద పెట్టి, చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. గుత్తిలో ప్రతి తాళంచెవినీ ఆదివారమంతా తోమినట్టున్నాడు, తళతళలాడుతోంది. పక్కన పళ్ళెం, దాని మీద తెల్లటి గుడ్డ, శవం మీద కప్పినట్టు.

"ఎవరమ్మా ఈవిడ?" అన్నాడు పెద్దాయన.

"మా అత్తగారు, సార్."

"సంతోషం. ఇప్పుడు పని మీదున్నాను, తర్వాత..."

"ఆ పళ్ళు నావి" అంది అత్తగారు. బస్సులో వల్లె వేసినదంతా ఎటు పోయిందో, ఆ రెండు ముక్కలే మిగిలాయి.

పెద్దాయన కళ్ళజోడు సవరించుకున్నాడు. "అమ్మా, మీ కోడల్ని కాపాడాలన్న తాపత్రయం నాకర్థమైంది. కానీ మీకు చక్కని పలువరస ఉంది. ఆ బోర్డు నేనూ చూశాను. దాన్ని చూసి నాకు రెండు రోజులు అన్నం సయించలేదు."

"అక్కగారూ, మీరు ఊరుకోండి" అన్నాడు తాళాలాయన గొంతు తగ్గించి.

"నువ్వూరుకో తమ్ముడూ. రెండు రోజులు ఊరుకున్నావు, చాలు." అత్తగారు ముందుకొచ్చి పళ్ళెం మీది గుడ్డ తీసింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, కానీ మనసు మార్చుకుని ఆ చెయ్యి తీసేసింది. అందరూ చూస్తుండగానే పళ్ళు ఊడదీసి, మూత మీద తెల్లటి నెలవంక ఎక్కడుందో అక్కడ పెట్టింది. తాళంలో తాళంచెవి దిగినట్టు సరిపోయాయి. మెలిక తిరిగిన మీసాలతో సహా.

పరిశీలకులొచ్చినా కుర్చీలోంచి లేవడని పేరున్న పెద్దాయన లేచి నిలబడ్డాడు. తాళాలాయన మర్యాదగా గోడకేసి తిరిగాడు.

కుర్చీలోంచి లేచాడు గానీ కోపం దిగలేదు. "అయితే అమ్మా, మీరు చేసిందేమిటో తెలుసా? రెండేళ్ళ పని! ఇందులో ఒక్కో పళ్ళేనికి ఎంత జాగ్రత్త! చీకట్లో ఉండాల్సినదాన్ని వెలుగులో పెట్టి పాడు చేశారు!"

అత్తగారు పళ్ళు తీసి పెట్టుకుంది. పళ్ళతో పాటు ధైర్యమూ నోట్లోకి వచ్చింది.

"పాడైందని ఎవరన్నారండీ? రెండేళ్ళుగా మా కోడలు అంట్లు కడుగుతూ, బట్టలారేస్తూ నాకు ఇదే పాఠం చెబుతోంది. వెలుగు పడ్డచోట రంగు రావాలి, పడనిచోట రాకూడదు, అలా ఒక్కసారి చూస్తే చాలు అత్తయ్యా అని. చూడండి మరి. వెలుగు పడ్డచోట వచ్చింది. నా పళ్ళ కింద రాలేదు. ఇంకెలా కావాలి మీకు?"



చిన్న డాక్టరు పళ్ళెం వైపు చూసింది. శనివారం నుంచి ఆ పళ్ళెంలో ఆమె దొంగ కోసం వెతికింది. మొగుడు కొక్కెం కోసం వెతికాడు. పెద్దాయన తప్పు కోసం వెతికాడు. ఈస్ట్ ఏం చేసిందో ఎవరూ చూడలేదు. రమ్మన్నచోటికి వచ్చింది, వద్దన్నచోట ఆగింది. రెండేళ్ళలో మొదటిసారి. ఆమె పళ్ళేన్ని మెల్లగా పెద్దాయన ముందుకు జరిపింది.

పెద్దాయన సొరుగులోంచి భూతద్దం తీశాడు. పళ్ళెం మీదికి వంగి, వేలితో ఒక్కొక్కటే చూపిస్తూ లెక్కపెట్టాడు. "ఒకటి... రెండు... ఇదేంటి, ఒరిగిందే?"

"ఏం ఒరగలేదు" అంది అత్తగారు.

"...ఐదు... ఆరు. అంచు చూడమ్మా, అంచు! కత్తితో కోసినట్టుంది." ఆయన తలెత్తేసరికి మొహం వేరే మనిషిదిలా ఉంది. బహుశా ఇరవై ఏళ్ళ వయసులో అలా ఉండేవాడేమో. "ఏమయ్యా, ఆ తాళాలు నా బల్ల మీద ఎందుకు? తీసుకో ముందు. గురువారం వాళ్ళు రానీ! ఈ పళ్ళెం చూపిస్తాను. చూపించి, వాళ్ళ కళ్ళ ముందే ఇంకోటి మొదలుపెడతాను. అమ్మా, మీ పళ్ళు గురువారం మాకు అరువిస్తారా?"

"ఎంతసేపు?" అంది అత్తగారు అనుమానంగా. "మధ్యాహ్నం భోజనం ముందా, తర్వాతా?"

తాళాలాయన గుత్తి నడుముకు తగిలించుకుంటూ గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. చిన్న డాక్టరు అత్తగారి చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కింది. ఆ గదిలో అందరూ ఒక్కసారి నవ్వింది అప్పుడే. ఆ నవ్వు అక్కడే ఆగిపోయి ఉంటే ఈ కథ ఈ వారంతో అయిపోయేది.

పెద్దాయన కాగితం, కలం తీశాడు. "ఆ రోజు జరిగినట్టే అన్నీ జరగాలి. పొల్లుపోకూడదు. చెప్పండమ్మా. ఏ లైటు వేశారు? ఎంతసేపు ఉంచారు?"

"లైటేంటి?" అంది అత్తగారు.

"అదే. పళ్ళు అక్కడ పెట్టాక వేశారు కదా."

"నేనే లైటూ వెయ్యలేదండీ. లైటే వేసేదాన్నైతే పళ్ళెందుకు తీస్తాను? చీకటని కదా తీసింది! తీసి, తువ్వాలు మొహం మీద వేసుకుని పడుకున్నా. పావు తక్కువ మూడింటికి ఈ తమ్ముడొచ్చి తలుపు కొడితే లేచా."

అందరూ తాళాలాయన నడుముకు వేలాడుతున్న టార్చివైపు చూశారు. తాళాలాయన ఎర్రబడ్డాడు.

"సార్, ఒక మాట. దీంట్లో బ్యాటరీలు లేక నెల దాటింది. వాచ్‌మన్ అన్నాక టార్చి ఉండాలని ఊరికే తగిలించుకు తిరుగుతున్నా. శనివారమే చెబుదామనుకున్నా గానీ, నోరు రాలేదు."

"టార్చి కాదు సార్" అంది చిన్న డాక్టరు మెల్లగా. ఆమె ఇంకా పళ్ళెమే చూస్తోంది. "చేతిలో పట్టుకున్న వెలుగైతే కదులుతుంది, నీడ అంచు చెదిరిపోతుంది. ఈ అంచు చెదరలేదు. వెలుగు సూటిగా పైనుంచి, కదలకుండా పడింది."

ఆ గదిలో పైకప్పు దీపాల వైర్లు ఎప్పుడో కోసేశారు. తలుపు దగ్గర చిన్న ఎర్ర బల్బు ఒకటుంది గానీ, ఎరుపు ఈ ఈస్ట్ కంటికి ఆనదు. ఇక సూటిగా పైనుంచి పడే వెలుగంటే ఒక్కటే, బల్ల మీద ఇనుప చేతికి బిగించిన నీలి దీపం. దాన్ని వెలిగించాలంటే నాలుగంకెల నంబరు కొట్టాలి. పని చేసేవాళ్ళకు ఎవరి నంబరు వాళ్ళదే. కొట్టాక తొంభై నిమిషాలు వెలిగి తనంతట తనే ఆరిపోతుంది. ఎవరి నంబరుతో, ఎప్పుడు వెలిగిందో లోపల రాసుకుంటుంది కూడా. శనివారం అందరి కళ్ళూ టార్చి మీదే ఉండటంతో దాని జోలికి ఎవరూ పోలేదు.

నలుగురూ చీకటి గదిలోకి నడిచారు. ఎర్ర బల్బు వెలుగులో మడత కుర్చీ ఇంకా అక్కడే ఉంది. పెద్దాయన దీపం అడుగున ఉన్న చిన్న తెర మీదికి వంగి మీట నొక్కాడు.

"బుధవారం... ఒంటిగంటా పది. తొంభై నిమిషాలు."

"అప్పుడు నేను భోజనానికి వెళ్ళాను సార్" అన్నాడు తాళాలాయన. "అక్కగారికి నిద్రాభంగమని తాళం వెయ్యకుండా, చెవి తలుపుకే వదిలేశా."

"అంటే ఎవరో వచ్చారు. వచ్చి దీపం వేశారు. మిమ్మల్ని చూశారు. చూసి, చప్పుడు చెయ్యకుండా వెళ్ళిపోయారు" అన్నాడు పెద్దాయన.

అత్తగారికి ఈ చివరి ముక్కలే చెవిన పడ్డాయి. "నన్నా? పళ్ళు లేకుండానా? ఎవడు వాడు?"

"నంబరు ఉందిగా, ఇప్పుడే తెలుస్తుంది." పెద్దాయన కళ్ళు చికిలించాడు. "రెండు... ఏడు... ఒకటి... ఒకటి. ఎవరిదమ్మా ఇది?"

చిన్న డాక్టరు తెర మీదికి వంగి ఆ అంకెలు తనూ చదివింది. ఆ నంబరు తనదే. బుధవారం ఒంటిగంటా పదికి తను పక్క భవనంలో నలభై మంది ముందు నల్లబల్ల మీద బొమ్మ గీస్తోంది.

"సార్, అది నాది. కానీ నేను కాదు."

అత్తగారు అప్పటికే వేళ్ళు మడుస్తోంది. "రెండూ ఏడూ అంటే ఇరవై ఏడు. ఒకటీ ఒకటీ అంటే పదకొండో నెల. అమ్మాయ్, అది మీ పెళ్ళిరోజు కదూ?"

అవును. ఏటేటా ఆ తేదీ మరిచిపోయి తిట్లు తినే మొగుడికి బుద్ధి రావాలని, ఫోనుకూ బీరువాకూ ఈ దీపానికీ ఆమె ఆ నాలుగంకెలే పెట్టింది. పెట్టి, ఒకరోజంతా ఆయన చేత ఎక్కం అప్పజెప్పినట్టు అప్పజెప్పించుకుంది. ఆ నంబరు ఇది అని తెలిసిన మనిషి ఆమె కాక ఈ భూమ్మీద ఇంకొక్కడే ఉన్నాడు.

అత్తగారి చెయ్యి మెల్లగా పైకి లేచి నోటిని కప్పుకుంది. వేళ్ళ సందుల్లోంచి మాట వచ్చింది.

"మా వాడా? షాపు మూసేసి, బస్సెక్కి, నువ్వు క్లాసులో ఉండే వేళ చూసుకుని... ఈ చీకట్లో వాడికేం పనమ్మాయ్?"